దొంగ తర్వాత ఆగిపోయిన ట్రాక్టర్

వచ్చి వారం కాలేదు, మా వీధిలో కనపడిన ప్రతివాళ్ళూ అడుగుతున్నారు, సౌతాఫ్రికాలో సింహాన్ని చూశావా అని. చూడలేదండీ. నేను చూసింది ట్రాక్టర్లని. ఆర్నెల్లు క్వాజులు-నటాల్ అనే రాష్ట్రంలో, డర్బన్ ఊళ్ళో ఉండి, మూలపడ్డ ట్రాక్టర్లూ లోడర్లూ తమ జబ్బేంటో తామే ఎలా చెప్పుకుంటాయో నేర్చుకుని వచ్చాను. ఆ మాట అంటే సింహం అడిగినవాళ్ళు నీరుగారిపోతున్నారు. కానీ నాకు మాత్రం చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది, అందుకే రాస్తున్నాను.

మా నాన్న అనకాపల్లి దగ్గర బెల్లం వండే పనికి వెళ్తాడు. మా రెండు వైపులా కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ పాసయ్యి మద్రాసులో పెద్ద మిషన్లు అమ్మే కంపెనీలో చేరితే, వాళ్ళు డర్బన్‌లో ఉన్న తమ వర్క్‌షాపుకి పంపారు. మొన్నమొన్నటి దాకా ఆ దేశం వెళ్ళటానికి చెల్లదని మన పాస్‌పోర్టు మీదే అచ్చేసి ఉండేదట. నేను వెళ్ళేసరికి అక్కడ తెల్లా నల్లా తేడా లేకుండా అందరూ ఓట్లేసిన మొదటి ఎన్నికలు అయ్యి ఏడాది దాటింది. కొత్త జెండా కొత్తగానే ఉంది, పాత భయాలు పాతగానే ఉన్నాయి.

ఆర్నెల్లదీ చెప్తే మీరు పారిపోతారు. మూడు రోజుల ప్రయాణం ఒకటి చెప్తాను.

ఎస్ట్‌కోర్ట్ దారిలో

సోమవారం పొద్దున్నే బక్కీలో బయల్దేరాం. బక్కీ అంటే వెనక సామాను డబ్బా ఉండే చిన్న వ్యాను. నడిపేది థెంబా, మా వర్క్‌షాపులో మెకానిక్, నలభై దాటిన జులూ మనిషి. అక్కడ వయసులో పెద్ద మగవాళ్ళని 'బాబా' అంటారు, నాన్న అని. నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆయన నన్ను 'సిసి' అనేవాడు, చెల్లెమ్మా అన్నట్టు. డర్బన్ వదలగానే రెండు వైపులా అద్దాలెత్తి తలుపులు లాక్ చేశాడు. ఉక్కపోస్తోంది, దించమన్నాను.

"సిసి, నీకు ఉక్క కావాలా, బక్కీ కావాలా?" అన్నాడు.

రోడ్డు మీద బళ్ళాపి, తుపాకీ చూపించి, దిగమని బండి పట్టుకుపోవటం అక్కడ అప్పుడు రోజూ వినే సంగతి. ట్రాఫిక్ సిగ్నల్‌ని వాళ్ళు 'రోబో' అంటారు. ప్రతి రోబో దగ్గరా బాబా కళ్ళు మూడు అద్దాల్లోనూ తిరుగుతుండేవి. మాట్లాడుతున్నవాడు మధ్యలో ఆపేసేవాడు.

కొండలెక్కాక సైనికులు ఆపారు. తుపాకులకోసం సోదా. ఒక కుర్ర సైనికుడు నా పెట్టె తెరిచాడు. అందులో తీగ ముక్కలు, చిన్న బల్బు, మీటరు, క్లిప్పులు. అతని మొహం మారిపోయింది. రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇదేంటి?"

"ట్రాక్టర్‌తో మాట్లాడటానికి," అన్నాను.

అది అనకుండా ఉండాల్సింది. ఇద్దరినీ దింపి, చేతులు బక్కీ మీద పెట్టి నిలబడమన్నారు. బాబా జులూలో నెమ్మదిగా ఏదో చెప్పాడు, పై అధికారి వచ్చి పెట్టెలోకి తొంగిచూశాడు. "మా నాన్న ట్రాక్టర్ కూడా కదలకుండా లైటు వెలిగించుకుని కూచుంది, దాంతో కూడా మాట్లాడతావా?" అన్నాడు. వదిలేశారు. ఊరొచ్చాక బాబా, "ఇకనుంచి రిపేరు సామాను అని చెప్పు," అన్నాడు.

ఎస్ట్‌కోర్ట్ దగ్గర పాలడైరీ పెట్టుకున్న ఒక తెల్లాయన పొలంలో ట్రాక్టర్ ఆగిపోయింది. ఇక్కడ మీకు నా విద్య కాస్త చెప్పాలి. కొత్త ట్రాక్టర్లలో గేర్లు చూసుకోవటానికి చిన్న కంప్యూటర్ ఒకటి ఉంటుంది. ఎక్కడైనా తేడా వస్తే అది గుర్తుపెట్టుకుంటుంది. సీటు పక్కన ఒక ప్లగ్గు ఉంటుంది. దాంట్లో రెండు పిన్నుల్ని తీగ ముక్కతో కలిపితే ముందున్న పసుపు లైటు కన్ను కొట్టటం మొదలెడుతుంది. రెండుసార్లు కొట్టి, కాస్త ఆగి, ఇంకో నాలుగుసార్లు కొడితే ఇరవై నాలుగు. పుస్తకంలో ఇరవై నాలుగంటే ఏంటో చూసుకోవాలి. అంతే. కానీ లైటు జబ్బు పేరు చెప్తుంది గానీ ఎందుకొచ్చిందో చెప్పదు. అది మనమే వెతుక్కోవాలి.

అక్కడ ఎందుకొచ్చిందో తేలిగ్గానే దొరికింది. ఒక సెన్సార్ ప్లగ్గులో పేడనీళ్ళు చేరాయి. తుడిచి పెట్టాను. ట్రాక్టర్ కదిలింది. ఆ తెల్లాయన నాకు కరచాలనం చేసి, బాబాకి చెయ్యివ్వకుండా తల మాత్రం ఊపాడు. బాబా కూడా తలే ఊపాడు. నేను చేతిని జేబులో పెట్టుకున్నాను.

మధ్యాహ్నం ఊళ్ళో ఒక గుజరాతీ పెద్దాయన కొట్లో తిన్నాం. బ్రెడ్డుని సగానికి కోసి, లోపలి మెత్తనిది తీసేసి, ఆ గుంతలో చిక్కుడుగింజల కూర పోసిస్తారు. 'బన్నీ' అంటారు. నాలుగు రాండ్లు, మన లెక్కలో ముప్పై అయిదు రూపాయల పైమాటే. ఆ డబ్బుతో మా వీధిలో ఇంటిల్లిపాదీ ఇడ్లీ తింటారు. కానీ కూర మాత్రం, నిజం చెప్పొద్దూ, చేతికంటిన దాన్ని కూడా వదల్లేదు.

తిరుగుదారిలో ఇంకో పొలంలోకి తొంగిచూసి పోదామని మట్టిరోడ్డు పట్టాం. వానపడి ఆగింది. ఉన్నట్టుండి బాబా బ్రేకు తొక్కి, "దొంగ, దొంగ," అన్నాడు.

నేను ఇంకేం ఆలోచించలేదు. తల మోకాళ్ళ మధ్య పెట్టి, పెద్ద స్పానర్ చేతిలోకి తీసుకున్నాను. బండి ఆగింది. కాసేపటికి బాబా గొంతు వినపడింది.

"సిసి, ఏం చేస్తున్నావు?"

"ఎంతమంది ఉన్నారు?"

"ఎవరు?"

తలెత్తి చూస్తే ఎవరూ లేరు. రోడ్డుకి అడ్డంగా, వాననీళ్ళు కోసేసిన పెద్ద గుంట. అక్కడ దాన్నే 'దొంగ' అంటారట. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ ఇండియన్లూ అందరిదీ అదే మాట. మా భాషలో దొంగంటే ఏంటో చెప్పాను. స్టీరింగ్ మీద తలపెట్టి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు. డర్బన్ చేరేలోపు మూడు గుంటలు చూపించి, "సిసి, స్పానర్ తియ్యి," అన్నాడు.

ఉమ్‌హ్లాలి

మర్నాడు పొద్దున్న వర్క్‌షాపుకి ఫోనొచ్చింది. ఉత్తరపు తీరంలో ఉమ్‌హ్లాలి అవతల, సన్నీ అనే ఇండియన్ రైతు. చెరుకు లాగే పెద్ద ట్రాక్టర్ ఉన్నట్టుండి న్యూట్రల్‌లోకి పడిపోతోంది, లైటు వెలుగుతోంది. మా మేనేజర్ ఫోన్లో, "బొంబాయి అమ్మాయిని పంపిస్తున్నా, లైట్లు చదువుతుంది," అన్నాడు. విమానం బొంబాయి నుంచి ఎక్కానని ఆయనకి నేను ఆర్నెల్లూ బొంబాయి అమ్మాయినే.

డర్బన్ నుంచి ఉత్తరంగా వెళ్తే ఒకవైపు సముద్రం, ఒకవైపు చెరుకు. కొండలకి కొండలే చెరుకు. ఉమ్‌హ్లాలి చిన్న ఊరు. టీ కోసం దిగితే నా చొక్కా మీద నల్లటి నుసి రాలింది. కొట్టావిడ, "చెరుకు మసి, తుడవకు, పాముకుంటుంది, ఊదెయ్యి," అంది. మన దగ్గర చెరుకు కొట్టి ఆకు ఒలిచాక చెత్త కాలుస్తాం. వాళ్ళు నిలబడ్డ చేనుకే నిప్పు పెడతారు, ఆకు కాలిపోయి గెడలు మిగుల్తాయి, అప్పుడు కొడతారు. కాల్చినదాన్ని వెంటనే మిల్లుకి చేర్చాలి.

ఆవిడే చెప్పింది, సన్నీ చేనుకి అతను నిప్పు పెట్టలేదని. ఆదివారం ఎవరో పెట్టారు, లేకపోతే రోడ్డు మీంచి సిగరెట్టు పడింది. కొండ మొత్తం ఒకేసారి అంటుకుంది. "ఎవరు పెట్టారో అంటే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్తారు. నేనైతే ఎవరి పేరూ చెప్పను," అని సమూసాలు కాగితంలో చుట్టి ఇచ్చింది.

సన్నీ చేను

సన్నీకి యాభై ఉంటాయి. మసి పట్టిన చొక్కా, రెండు రోజులుగా గీయని గడ్డం. అతని బక్కీ అద్దం మీద ఏసు కాపాడతాడనే స్టిక్కర్. నన్ను చూసి, తర్వాత థెంబాని చూసి, మళ్ళీ మా వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని చూశాడు.

"ఇంతేనా?" అన్నాడు ఇంగ్లీషులో.

"ఇంతే," అన్నాడు బాబా.

అతను చేత్తో కొండ చూపించాడు. నల్లగా కాలి నిలబడ్డ చెరుకు. కింద కొట్టి పడేసిన గుట్టలు. వాటి పక్కన కత్తులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న కూలీలు. ఈ ఏడాది పంటంతా ఆ కొండేనట. బుధవారం సాయంత్రం గేటు మూసేదాకా తీసుకుంటాం, ఆ తర్వాత తెస్తే దింపుకోం అని మిల్లువాళ్ళు చెప్పేశారట. చుట్టుపక్కల ట్రాక్టర్లన్నీ ఎవరి చెరుకు వాళ్ళు లాక్కుంటున్నాయి. ఇతనికి ఇంకోటి ఉంది, పాతది, చిన్నది, రోజంతా లాగినా ఓ మూల తరగదు.

నేను గుట్ట దగ్గరికెళ్ళి ఒక గెడ విరిచి వాసన చూశాను. ఇంకా పులవలేదు, కానీ పులుపు మొదలవుతోంది. ఇలాంటి చెరుకుతో వండితే బెల్లం గట్టిపడదు, పాకంలా జారిపోతుంది. అప్పుడు మా నాన్న ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకునేవాడు. నాకు పుస్తకం అక్కర్లేకుండా అర్థమైంది అక్కడ ఏం పోతోందో.

ట్రాక్టర్ స్టార్టయింది. కాస్త దూరం బానే నడిచింది. బరువు తగిలించి, వేడెక్కాక, ఠప్పున న్యూట్రల్‌లో పడింది. ప్లగ్గులో తీగ పెట్టాను. పసుపు లైటు మూడుసార్లు కొట్టింది, ఆగి రెండుసార్లు. ముప్పై రెండు. పుస్తకం తీశాను: గేర్ల కంప్యూటర్‌కి కరెంటు చాలినంత అందటం లేదు. బ్యాటరీ చూశాను, బ్రహ్మాండంగా ఉంది. అంటే బ్యాటరీకీ కంప్యూటర్‌కీ మధ్య దారిలో ఎక్కడో తేడా.

"ఎప్పట్నుంచి ఇలా చేస్తోంది?" అడిగాను.

"దొంగ తర్వాత నుంచి," అన్నాడు సన్నీ. మిగతాదంతా ఇంగ్లీషే.

నేను బాబా వైపు చూశాను. ఆయన కనుబొమ్మలెగరేశాడు. నిన్ననే నేర్చుకున్న మాట, నాకెంత గర్వం.

"ఎక్కడ?"

"కింద చేను దగ్గర. మూడు వారాలైంది."

"బిగ్గా?" అన్నాను, పెద్దదేనా అని.

"చీకట్లో ఎవరు చూశారు? బిగ్గే అయ్యుండాలి."

"ట్రాక్టర్‌కి ఏమన్నా తగిలిందా?"

"కాస్త గీసుకుంది. అంతే."

బాబా తల ఊపి, సానుభూతిగా అన్నాడు, "ఈ కొండల్లో దొంగలు ఎక్కువే."

సన్నీ అతని వైపు వింతగా చూశాడు. "ఎక్కువే," అన్నాడు. "అందరికీ తెలుసు." మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఎందుకో మాకు తెలియలేదు.

గుంటలో పడిందంటే కింద తీగలు సాగి ఉంటాయి, లోపల తెగి పైన తొడుగు బాగానే కనిపిస్తూ ఉంటుంది. నేనూ బాబా ఇద్దరం అదే అనుకున్నాం. ట్రాక్టర్ కిందకి దూరాం. బురద, గ్రీజు, మసి. ఒక్కో క్లిప్పు విప్పటం, తీగ వంచి చూడటం, మీటరు పెట్టటం. ఎక్కడా తెగలేదు. ఎక్కడా సాగలేదు. అంత పెద్ద గుంటలో పడ్డ బండికి కింద ఒక్క సొట్ట కూడా లేదేంటని ఒకసారి అనిపించింది. అనిపించిందే గానీ ఆగి ఆలోచించలేదు. పైన సన్నీ అడుగులు అటూ ఇటూ. ఒకసారి ఆ అడుగులు ఆగాయి. బానెట్ మీద చెయ్యి పెట్టి అతను ఇంగ్లీషులో ప్రార్థన చేస్తున్నాడు. గొంతు పెంచకుండా, దేవుడితో బేరమాడుతున్నట్టు.

ఎండ వాలటం మొదలైంది. కూలీల్లో కొందరు కత్తులు చుట్టేసుకుంటున్నారు. ఇంజినీరింగ్ పాసయ్యానని ఊరంతా చెప్పుకున్న నేను ఆ ట్రాక్టర్ కింద వెల్లకిలా పడుకుని, ఇంకెక్కడ వెతకాలో తెలీక, అదే తీగని మూడోసారి తడుముతున్నాను.

అప్పుడొచ్చింది సన్నీ వాళ్ళ అమ్మ. ముందు పాదాలు కనిపించాయి, మట్టెలు, తర్వాత చీర అంచు. టీ పళ్ళెం కింద పెట్టింది. ఆ తర్వాత కొడుకుని తిట్టటం మొదలెట్టింది.

"బుద్ధి లేదేట్రా నీకు. ఆ మీట ఊసు ఎత్తకు. ఈ గుంట ఎవుర్తో, ఆడెవుడో. మల్లీ దొంగ వొస్తే ఏటి సేస్తావు?"

"అమ్మా, ప్లీజ్," అన్నాడు సన్నీ.

నేను ట్రాక్టర్ కింద రాయిలా బిగుసుకుపోయాను. ముందు చెవుల్ని నమ్మలేదు. అది తెలుగు. తెలుగంటే రేడియో తెలుగు కాదు, మా అమ్మమ్మ తెలుగు. ఎన్నో తరాల కిందట కూలికి ఓడెక్కిన వాళ్ళతో వెళ్ళిపోయి, చెరుకు తోటల్లో తిట్ల రూపంలో మిగిలిన తెలుగు. సన్నీ అనే పేరూ ఆ స్టిక్కరూ చూసి తెలుగిల్లని నేనెలా అనుకుంటాను? ఆడపిల్లని గుంట అనేది మా వైపే. ఇంకో ఊరి తెలుగువాళ్ళు వింటే గొయ్యి అనుకుంటారు. ఆ దేశంలో దొంగంటే గుంట, ఈ ఇంట్లో గుంటంటే నేను.

తర్వాత రెండో సంగతి వెలిగింది. మళ్ళీ దొంగ వస్తే, అంది ఆవిడ. రోడ్డు మీద గొయ్యి మళ్ళీ రాదు కదా. ఇంట్లో మిగిలిన నాలుగు తెలుగు మాటల్లో అదొకటి, సన్నీ ఇంగ్లీషు మధ్యలో కూడా దాన్నే వాడాడు. ఇతను చెప్పింది గుంట గురించి కాదు. దొంగ గురించే. దొంగ వచ్చాక ఏదో మీట పెట్టుకున్నారు. దొంగకి అందకుండా, కరెంటు దారిలో, ఎవరికీ తెలీకుండా. మేం మధ్యాహ్నం నుంచీ లేని గొయ్యి కోసం వెతుకుతున్నాం.

అది తెలిసింది సరే, ఇప్పుడేం చెయ్యాలి? చాటుగా విన్నదాన్నవుతాను. మీట ఎక్కడుందని ఇంగ్లీషులో అడిగితే, దీనికెలా తెలిసిందనుకుంటారు. దొంగల మనిషే అనుకుంటారు. ఊరుకుంటే చెరుకు పోతుంది.

బయటికి పాక్కుంటూ వచ్చాను. మొహం నిండా మసి.

"అవ్వా," అన్నాను తెలుగులో, "నేను దొంగల మనిషిని కాదు. అనకాపల్లి దగ్గర గుంటని."

ఏడుస్తుందేమో, దగ్గరకి తీసుకుంటుందేమో అనుకున్నాను. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టింది.

"మరి ఇంతసేపూ నోట్లో ఏటెట్టుకున్నావు? తెలుగుదాన్నని సెప్పలేవూ?"

"మీరు అడగలేదు కదా."

"అడిగితే గానీ సెప్పవేటి? టీలో కూడా గోడుపాలు పోసేను, బొంబాయోళ్ళకి అదే ఇష్టమని." గోడుపాలంటే ఏంటో నాకు ఇప్పటికీ తెలీదు, డబ్బా పాలే అయ్యుండాలి, తియ్యగా ఉన్నాయి.

"అవ్వా, ఆ మీట చూపించకపోతే ఈ ట్రాక్టర్ లేవదు."

ఆవిడ మొహం మళ్ళీ మూసుకుపోయింది. వేలెత్తి బాబాని చూపించింది. "ఆడ్ని పొమ్మను. అప్పుడు మావోడు సూపిస్తాడు."

బాబాకి తెలుగు రాదు. వేలు మాత్రం అర్థమైంది.

"నన్ను వెళ్ళమంటోంది, కదా?"

"అవును బాబా."

"బక్కీ దగ్గర ఉంటాలే." గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. కోపం లేదు ఆ గొంతులో. అలవాటు ఉంది. నాకు అదే తట్టుకోబుద్ధి కాలేదు.

"వద్దు, ఉండండి," అన్నాను. ఆ తర్వాత తెలుగులో, "అవ్వా, ఈయన పోతే నేనూ పోతాను. బరువు మీద గేరు వేసి పట్టేది ఆయన, మీటరు చూసేది నేను. ఇద్దరం లేకపోతే పని జరగదు." అనేశాను గానీ, మేనేజర్‌కి తెలిస్తే ఉద్యోగం ఉండదు. వాళ్ళు సరే పొమ్మంటే ఈ కొండ చెరుకంతా నా మాట మీద కుళ్ళిపోతుంది.

సన్నీకి తెలుగు మాట్లాడటం రాదు, అర్థమవుతుంది. అమ్మ వంక చూశాడు, కొండ వంక చూశాడు. బాబా వంక చాలాసేపు చూశాడు.

"వంటింటి తలుపు వెనక ఉండేది తాళంచెవి," అన్నాడు ఇంగ్లీషులో, బాబాతోనే. "వాడు తిన్నగా అక్కడికే వెళ్ళాడు, ట్రాక్టర్ని కింద చేను దాకా తోలుకుపోయి అక్కడ వదిలేసి పారిపోయాడు. తెలిసినవాడే ఎవడో. అప్పట్నుంచి మేం ఎవర్నీ నమ్మటం లేదు."

"నేనైనా నమ్మను," అన్నాడు బాబా.

సన్నీ ట్రాక్టరెక్కి, సీటు వెనక రబ్బరు చాప లాగాడు. దాని కింద ఇంట్లో లైటుకి పెట్టుకునే లాంటి చిన్న నల్ల స్విచ్చి. అది ఆపేసి ఉంచితే ఇంజిన్ తిరుగుతుంది గానీ గేరు పడదు. దొంగ వచ్చినా బండి పాడైందనుకుని వదిలేసి పోతాడు. అతని తెలివికి నాకు ముచ్చటేసింది. కానీ ఆ బుల్లి స్విచ్చి అంత కరెంటు మోయలేదు. వేలు పెడితే చురుక్కుమంది. బాబా బరువు మీద గేరు వేశాడు, నేను మీటరు పెట్టాను. ఇటుపక్క పన్నెండు వోల్టుల పైన, అటుపక్క తొమ్మిది కూడా లేదు. లోపల కాలిపోయింది. స్విచ్చి తీసేసి తీగల్ని కలిపి గట్టిగా చుట్టాను.

ట్రాక్టర్ బరువుతో కొండెక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. పసుపు లైటు వెలగలేదు. కత్తులు చుట్టుకున్న కూలీలు విప్పుకున్నారు.

అప్పుడు బాబాకి దొంగ సంగతి మొత్తం చెప్పాను. ఆయన సన్నీ వైపు తిరిగి, "అయితే ఈ కొండల్లో దొంగలెక్కువే అని నేనన్నప్పుడు..." అన్నాడు.

"నువ్వే చెప్తున్నావనుకున్నా," అన్నాడు సన్నీ. "మీ వాళ్ళ గురించి."

ఇద్దరూ నవ్వారు. సగంలో ఆగిపోయే నవ్వు. అయినా నవ్వారు.

ఆ రాత్రికి మమ్మల్ని అక్కడే ఉంచేశారు. అవ్వ వంట: మునగాకు పప్పు, చింతపండు చారు, ఎండుచేప. అన్నం బదులు మొక్కజొన్న నూక. పప్పునీ చారునీ ఆవిడ ఆ పేర్లతోనే పిలిచింది, మధ్యలో అన్నీ ఇంగ్లీషూ జులూ మాటలే. బాబాకి ముందు వేరే గిన్నెలో పెట్టబోయింది. నేను చూస్తున్నానని చూసింది. ఏమనుకుందో, అందరితో పాటు పళ్ళెంలోనే పెట్టింది. అది నాకోసమా, ట్రాక్టర్ కోసమా అని నేను అడగలేదు.

మిల్లు గేటు

బుధవారం తెల్లారేసరికే లాగటం మొదలెట్టారు. సన్నీ ఒకటి, పాత చిన్నది ఇంకొకరు. వేడెక్కితే మళ్ళీ పడిపోతుందేమోనని నేను పెద్ద ట్రాక్టర్‌లో సన్నీ పక్కన మడతపెట్టినట్టు కూర్చుని, చెయ్యి ఆ తీగల మీదే పెట్టుకున్నాను. మిల్లు బయట ఊరంత పొడుగు వరస. ట్రాక్టర్లు, లారీలు, అన్నిట్లోనూ కాలిన చెరుకే. గేటు దగ్గరొకతను ప్రతి ట్రైలర్‌లోంచి కొన్ని గెడలు లాగి, రసం తీసి, చూసి, చెయ్యి ఊపుతాడు. ఇటు ఊపితే లోపలికి, అటు ఊపితే వెనక్కి. మా ముందున్న ఒకాయన్ని వెనక్కి ఊపారు. ఆయన దిగి బతిమాలాడు, ఆ తర్వాత ఏమీ అనకుండా బండి తిప్పుకున్నాడు. సన్నీ అది చూసి స్టీరింగ్ మీద చేతులు తుడుచుకున్నాడు.

మాది లోపలికి ఊపారు. తర్వాతిదీ. ఆ తర్వాతిదీ. పొద్దు వాలేసరికి సన్నీ ఆఖరి ట్రైలర్ తెచ్చాడు. గేటతను గెడ విరిచి ముక్కు దగ్గర పెట్టుకుని ఆగాడు. సన్నీ పెదాలు కదులుతున్నాయి. అతను రసం తీయించాడు, రెండోసారి కూడా తీయించాడు. చెయ్యి లోపలికి ఊపాడు. మా వెనక గేటు మూశారు.

కొండ మీద ఒక మూల మిగిలిపోయింది. అది పోయినట్టే. మిగిలిన కొండంతా మిల్లులో ఉంది.

మళ్ళీ చేను

అంతటితో వెళ్ళిపోదామంటే సన్నీ ఒప్పుకోలేదు. ట్రాక్టర్‌కిప్పుడు మీట లేదు, తాళంచెవి ఉన్నవాడెవడైనా తోలుకుపోవచ్చు. బక్కీలో మా దగ్గర ఎక్కువ కరెంటు మోసే మంచి స్విచ్చి ఉంది. బిగిస్తానన్నాను.

"ఎక్కడ పెడతారు?" అన్నాడు సన్నీ.

బాబా ట్రాక్టర్ చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. ఒక చోట చెయ్యి పెట్టి సన్నీ వైపు చూశాడు. సన్నీ ఆలోచించి తల ఊపాడు. అవ్వ వరండాలో నిలబడి ఇదంతా చూస్తోంది.

"అమ్మా, ఇలా రా, నువ్వు కూడా చూసుకో," అని పిలిచాడు కొడుకు.

"నాకేటీ సూపించకు," అంది అవ్వ. "నా నోరు ఊరుకోదు. ఆ ముసిలాడికి తెలుసు, గుంటకి తెలుసు, నీకు తెలుసు. సాల్దేటి?" ఆ మాట అని లోపలికి వెళ్ళిపోతూ ఈ వైపు తలుపు కూడా వేసేసుకుంది. ముసిలాడంటే ఎవరని బాబా అడిగాడు. పెద్దమనిషి అని అర్థం చెప్పాను.

చీకటి పడకముందే స్విచ్చి బిగించేశాం. సింహాన్ని చూడలేదు గానీ, ఆ మూడు రోజుల్లో చూసినవన్నీ మీకు చెప్పాను. ఆ మీట ఎక్కడుందో మాత్రం చెప్పను.